నాలుగో సీటులో బొమ్మ

రేణుకకు కూర్చోవడం చేతకాదు. ఈ మాట అన్నది ఆమె భర్త పురుషోత్తం. జనగామలో కరెంటు మోటార్లకు వైండింగ్ చేసే దుకాణం ఆయనది, పొద్దున కూర్చున్నాడంటే మళ్లీ అన్నానికే లేస్తాడు. రేణుక బస్సు కండక్టర్. పంతొమ్మిదేళ్ల ఉద్యోగంలో కండక్టర్ సీటు మీద ఆమె సంచీ కూర్చుంది గానీ ఆమె కూర్చున్నది తక్కువ. సెలవు దొరికిన రోజు కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతుంది. నిన్న ఉతికిన దుప్పటే మళ్లీ ఉతుకుతుంది, నిండిన బిందెలు వంచేసి మళ్లీ నింపుతుంది. "జర సేపు కూసోరాదే, నాకే కాళ్లు గుంజుతున్నయ్" అంటాడు పురుషోత్తం. వింటే కదా!

పుట్టింది భూపాలపల్లి జిల్లా టేకుమట్లలో. చిన్నప్పుడు ఊళ్లోకి వచ్చిన బస్సు వెనక్కి తిరిగి పోతుంటే ఆఖరి ఇల్లు దాటేదాకా దాని వెంట పరుగెత్తేది. కండక్టర్ ఉద్యోగం వచ్చినప్పుడు ఇక లోకమంతా చూసేస్తానని సంబరపడింది. చూసిందేమిటంటే జనగామ నుంచి మహబూబాబాదు, మహబూబాబాదు నుంచి జనగామ. మధ్యలో అదే పాలకుర్తి, అదే తొర్రూరు, అవే గుంతలు. పొద్దస్తమానం పోతూనే ఉండి ఎక్కడికీ పోలేదన్న బాధ ఆమెను లోపల పురుగులా తొలిచేది. నలభై ఆరేళ్లు వచ్చాయి, ఆ పురుగు మాత్రం ముసలిది కాలేదు.

డిపోలో ఆమెకు ముగ్గురు స్నేహితురాళ్లు, ముగ్గురూ కండక్టర్లే. అందరికంటే పెద్దది సమ్మక్క, శకునం చూడందే గడప దాటదు. రెండోది ద్వాలి, నర్సింహులపేట దగ్గరి తండా మనిషి. చేతిలో సూది ఉంటే ఆమెకు నోటితో పని ఉండదు. మూడోది పర్వీన్. మహబూబాబాదులో సైకిళ్లు బాగుచేసే బాబామియా కూతురు, ఇప్పుడు కాపురం జనగామలో. రేణుక, పర్వీన్ ఒకే రోజు ఉద్యోగంలో చేరారు, ఒకే రూట్లో తిరిగారు. ఇద్దరి బస్సులు తొర్రూరులో ఎదురుపడితే డ్రైవర్లు అడగకుండానే ఒక నిమిషం ఆపేవాళ్లు, ఈ కిటికీలోంచి ఆ కిటికీలోకి కూర గిన్నెలు మారేవి.

శ్రీలంక పోదామన్నది పర్వీనే. తేయాకు తోటల మధ్య నుంచి నీలం రంగు రైలు పోతున్న వీడియో ఒకటి ఫోన్లో చూసి, భోజనాల వేళ ముగ్గురి ముందూ పెట్టింది. "మనం రోజూ జనాన్ని మోస్తున్నం గదా, ఒక్కసారి మనల్ని ఎవరన్న మోస్తే ఎట్లుంటదో చూద్దామా?" అంది. అంతే, రేణుకకు నిప్పంటుకుంది. అనుకున్నది పర్వీనైతే వెంటపడింది రేణుక. సమ్మక్క మేనల్లుడు కల్యాణ్‌కు కంప్యూటర్ పని వచ్చు, విమానం టికెట్లు, బస అన్నీ అతనికి అప్పజెప్పింది. మొదట దసరా రద్దీ అని వాయిదా పడింది. తర్వాత ద్వాలి ఇంట్లో పెళ్లని వాయిదా పడింది. మూడోసారి డిసెంబరులో అయిదు రోజులకు నలుగురికీ సెలవు మంజూరైంది. అంతలో పర్వీన్ పాస్‌పోర్టు ఆగింది. ఒక కాగితంలో మహబూబాబాదు చిరునామా, ఇంకో కాగితంలో జనగామ చిరునామా ఉంటే మళ్లీ విచారణ పడింది.

"ఒక్క నెల ఆగుదమే" అంది పర్వీన్.

"వచ్చే నెల మేడారం జాతర. స్పెషల్ బస్సులు పడితే మనకు సెలవు కాదు, నిద్రే దొరకదు. గిప్పుడు పోకుంటే ఇంక పోము" అంది రేణుక. అది నిజమే. నిజమైన మాటలతోనే మనుషులు ఎక్కువ అన్యాయం చేస్తారు, అది వేరే సంగతి. పర్వీన్ "సరే, మీరు పోండ్రి. నాది టైముకొస్తే నేను సుత వస్త" అంది.

మూడు టికెట్లు తీశారు. అప్పుడు సమ్మక్క అడ్డం తిరిగింది. "ముగ్గురం పోవద్దు. పిల్లను చూడ పోయినా ముగ్గురు పోరు, దేశం దాటంగ పోతరా?"

మన దగ్గర దీనికి ఉపాయం ఉంది. ముగ్గురే వెళ్లక తప్పనప్పుడు ఒక రాయి తీసి జేబులో వేసుకుంటారు. రాయి నాలుగో మనిషి. పని అయ్యాక దాన్ని పారేస్తారు. సమ్మక్క రాయి వెతకబోతే రేణుక నవ్వింది. "ఇమానంల రాయి పట్టుకపోతే మనల్నే పట్టుకపోతరు. బొమ్మనన్న తీస్కపోదాం." ద్వాలి ఆ రాత్రే సూది పట్టింది. జానెడు గుడ్డ బొమ్మ, కింద అద్దాలు కుట్టిన లంబాడీ అంచు, పైన కండక్టర్లు వేసుకునే మెరూన్ కోటు, భుజానికి అగ్గిపెట్టె అంత తోలు సంచీ. నల్ల దారంతో కుట్టిన కళ్లు కొంచెం మెల్ల. చూడగానే ముగ్గురూ పడిపడి నవ్వారు. "దీన్ని పర్వీన్ అని పిలుద్దాం. ఆమె రాలేకపాయె గదా, ఆమె తీరుగ ఇదే అన్ని జాగలు తిరుగుతది, ఫోటోలు తీసి పంపుదాం" అంది రేణుక. ప్రేమగానే అంది. పర్వీన్ కూడా వాట్సాప్‌లో నవ్వు బొమ్మలు పెట్టింది.

ప్రయాణానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. రేణుక డ్యూటీలో ఉంది. పాలకుర్తిలో బస్సు ఆగగానే జనం మీద పడ్డారు, కాలు పెట్టే సందు లేదు. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది.

"రేణుకా, పాస్‌పోర్ట్ వచ్చిందే!" పర్వీన్ గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది. "సెలవు ఇంక రద్దు చేసుకోలే. కల్యాణ్‌ను అడుగు, ఇమానంల ఇంకొక్క సీటు ఉన్నదేమో."

ఆ క్షణంలో రేణుక మనసులో ఏం మెదిలిందో తర్వాత ఆమె చాలాసార్లు వెతుక్కుంది. మళ్లీ కాగితాలు, మళ్లీ గది మార్పు, బండి మార్పు, ఎక్కడో ఒకచోట ముడి పడుతుంది, నాలుగోసారి కూడా ఆగిపోతుంది. భయం వేసింది. కింద ఒక ముసలమ్మ ఫుట్‌బోర్డు పట్టుకుని వేలాడుతోంది. ఏ కండక్టరైనా రోజుకు వందసార్లు అనే మాటే రేణుక నోట్లోంచి వచ్చింది.

"సీట్లు లేవే. అడిగిన. మొత్తం ఫుల్లట."

కల్యాణ్‌ను అడగనే లేదు. ముసలమ్మను మాత్రం చెయ్యిచ్చి లోపలికి లాక్కుంది.

"అట్లనా" అంది పర్వీన్. "సరే తియ్, డ్యూటీ చూస్కో."

ఆ రాత్రి కల్యాణ్‌ను అడుగుదామనుకుంది రేణుక. తెల్లవారి అడుగుదామనుకుంది. సూట్‌కేసుకు తాళం దొరక్క వెతికింది, పచ్చళ్ల సీసాలకు మూతలు బిగించింది, బీరువా మూడుసార్లు సర్దింది, నాలుగు రోజులు క్షణం నిలవలేదు. చెయ్యవలసిన ఒక్క పని చెయ్యకుండా ఉండాలంటే మనిషికి ఎన్ని పనులైనా దొరుకుతాయి.

విమానం ఎక్కారు. రేణుక పక్క సీటు ఖాళీగా ఉంది. ముందు ఖాళీ, అవతలి వరసలో ఖాళీ. రేణుక చూపు తిప్పుకుని బెల్టు పెట్టుకుంది. పాస్‌పోర్టు వచ్చిందని పర్వీన్ డిపోలో ఇంకెవరికీ చెప్పలేదు. సమ్మక్కకు ఇదేమీ తెలియదు కదా, ఖాళీ సీటు చూసి ముచ్చటపడింది. బొమ్మను అందులో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, నడిచే దారిలో నిలబడి ఫోటో తీసింది. రేణుక వద్దనేలోపే ఇంకో రెండు తీసింది. కొలంబోలో దిగి ఫోను పని చెయ్యడం మొదలుపెట్టగానే నలుగురూ ఉన్న గ్రూపులో పంపేసింది. కింద ఒక వాక్యం కూడా పెట్టింది: "పర్వీన్ కు సీటు దొరికింది."

రేణుక ఆ ఫోటో చూసింది. బెల్టు పెట్టుకున్న బొమ్మ, దాని వెనక వరసలు వరసలుగా ఖాళీ సీట్లు. మామూలు మనిషైతే బొమ్మను చూసి నవ్వి ఊరుకుంటుంది. పర్వీన్ పంతొమ్మిదేళ్లుగా ఒక్క చూపుతో బస్సు లెక్క తేల్చే మనిషి. ఎక్కేవాళ్లను చూడకముందే ఖాళీలు చూసే కళ్లు అవి.

కొలంబో దాటకముందే జవాబు వచ్చింది. ఒకే ఒక్క మాట: "పదకొండు."

"గిదేంది, పదకొండేంది?" అంది సమ్మక్క. ద్వాలి భుజాలెగరేసింది. రేణుక ఫోను బోర్లా పెట్టింది. పర్వీన్ లెక్క ఎప్పుడూ తప్పదు.

ఇక ఆ యాత్ర యాత్ర కాదు. కొలంబో బస్టాండులో ఎర్ర బస్సులు, కాండీ కాండీ అని అరిచే కండక్టర్లు, నోట్లు పొడుగ్గా మడిచి వేళ్ల సందుల్లో పెట్టుకున్న వాళ్ల పనితనం చూసి సమ్మక్క, ద్వాలి పొంగిపోతుంటే రేణుక ఫోను తెరిచి మూసి, తెరిచి మూసి విసుగెత్తించింది. పర్వీన్‌కు సందేశం రాసి చెరిపేసింది. "కల్యాణ్ అట్లనే చెప్పిండు" అని రాసి, ఛీ అనుకుని అదీ చెరిపేసింది. ఫోన్ చేస్తే పర్వీన్ ఎత్తలేదు. కాండీ చెరువు గట్టు మీద అందరూ కూర్చుంటే ఆమె చెరువు చుట్టూ నడిచింది. అన్నం ముందు కూర్చుని లేచింది. సమ్మక్క మాత్రం పోయినచోటల్లా బొమ్మను నిలబెట్టి ఫోటో తీసి గ్రూపులో పెడుతూనే ఉంది: గుడి మెట్ల మీద బొమ్మ, కొబ్బరి బోండాం పక్కన బొమ్మ, ఏనుగు ముందు బొమ్మ. ప్రతి ఫోటో వెళ్లినప్పుడల్లా రేణుకకు చెంప మీద కొట్టినట్టయ్యేది. వద్దని ఎట్లా చెప్పగలదు? చెబితే ఎందుకని అడుగుతారు.

పర్వీన్ అన్నీ చూసింది. నీలం టిక్కులు పడ్డాయి. మాట మాత్రం రాలేదు.

మూడో రోజు రైలెక్కారు. అదే నీలం రైలు. బయట కొండలు, పొగమంచు, తేయాకు తోటలు ఉండే ఉంటాయి. ద్వాలి తలుపు దగ్గర నిలబడి తండా పాట ఎత్తుకుంది, పక్క పెట్టెలోని తెల్లవాళ్లు కూడా చప్పట్లు కొట్టారు. రేణుకకు మాత్రం ఆ రైలులో గుర్తున్నది ఫోనులో సిగ్నల్ గీతలు. ఒకటి, రెండు, మళ్లీ ఏమీ లేదు. ఒక సొరంగంలోకి వెళ్లినప్పుడు చీకట్లో ఆమెకు ఏడుపు వచ్చింది, వెలుతురు వచ్చేసరికి తుడుచుకుంది.

ఆఖరి రోజు సాయంత్రం సముద్రం ఒడ్డున సమ్మక్క బొమ్మను తీసి కళ్లకద్దుకుంది. "మంచిగ తీస్కపోయి మంచిగ తీసుకొచ్చినవ్ తల్లీ" అని అలల్లోకి విసరబోయింది. రాయిని పారేసినట్టే, పని అయింది కదా. రేణుక ఎగిరి ఆమె చెయ్యి పట్టుకుంది.

"పర్వీన్ అని పేరు పెట్టి సముద్రంల ఏస్తవా?"

"బొమ్మనే గద! ఏమైందే నీకు? వచ్చిన కాంచి దయ్యం పట్టినట్టు చేస్తున్నవ్."

అక్కడే, ఇసుకలో నిలబడి, రేణుక చెప్పేసింది. పాలకుర్తిలో వచ్చిన ఫోను, తాను అడగకుండానే చెప్పిన జవాబు, పదకొండు అంటే ఏమిటో. ద్వాలి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. సమ్మక్క బొమ్మను తెచ్చి రేణుక చేతిలో పెట్టింది.

"మనిషి లేకుంటే రాయి పెట్టుకుంటరే. నాలుగో మనిషి తయారై నిలబడంగ రాయిని పెట్టుకునుడు నేనేడ చూడలే. నాతోని ఆ ఫోటోలన్ని పంపిచ్చినవ్. నేను నవ్వుకుంట పంపిన."

రేణుక బొమ్మను సంచీలో పెట్టుకుంది.

హైదరాబాదులో దిగి జనగామ చేరేసరికి తెల్లవారింది. ఇంకా ఒక్కరోజు సెలవు మిగిలి ఉంది. పురుషోత్తం చాయ్ పెట్టి, "ఎట్లుండె లంక?" అన్నాడు. "వచ్చి చెప్త" అని సూట్‌కేసు గుమ్మంలోనే వదిలి బస్టాండుకు వెళ్లింది. సెలవు రద్దు చేసుకున్న పర్వీన్ ఆ పొద్దు మహబూబాబాదు బస్సులో ఉంటుందని ఆమెకు తెలుసు.

బస్సు నిండుగా ఉంది. రేణుక వెనక తలుపు నుంచి ఎక్కి నిలబడింది. పర్వీన్ టికెట్లు కొట్టుకుంటూ ఒక్కొక్కరినే దాటుకుని వచ్చింది. ముందున్న పెద్దావిడను పలకరించింది, ఆమె సంచీ జరిపి పెట్టింది, ఎవరి పిల్లవాడినో బుగ్గ గిల్లింది. రేణుక ముందుకు వచ్చి ఆగింది.

"ఎక్కడికి?"

"పర్వీన్..."

"ఎక్కడికమ్మా?"

"మానుకోట" అంది రేణుక. మహబూబాబాదును వాళ్లంతా అనే పేరు అదే.

"ఆధార్ కార్డు."

ఆడవాళ్లకు బస్సులో ఛార్జీ లేదు, కార్డు చూపిస్తే సున్నా టికెట్ ఇస్తారు. అది అందరికీ. పంతొమ్మిదేళ్లు పక్కపక్కన పనిచేసిన మనిషిని ఎవరూ కార్డు అడగరు. రేణుక సంచీ వెతికింది. బొమ్మ చేతికి తగిలింది, పాస్‌పోర్టు తగిలింది, కార్డు అన్నిటికంటే అడుగున ఉంది. పర్వీన్ ఓపికగా నిలబడింది. కార్డు తీసుకుని, ముఖం వంక చూసి, ఫోటో వంక చూసి, మిషన్ నొక్కి టికెట్ చేతిలో పెట్టింది. "జర ముందుకు జరుగుండ్రి, ముందట జాగ ఉన్నది" అని అందరితోనూ అన్నట్టే అని వెళ్లిపోయింది. రేణుకకు ఆ టికెట్ నిప్పుకణికలా కాలింది. తిట్టి ఉంటే బాగుండేది.

మహబూబాబాదులో జనం దిగిపోయారు. డ్రైవర్ చాయ్‌కి వెళ్లాడు. పర్వీన్ ముందు సీట్లో కూర్చుని టిఫిన్ డబ్బా విప్పింది. రేణుక వెళ్లి ఆమె ఎదుట నిలబడింది.

"అబద్ధం చెప్పిన. కల్యాణ్‌ను అడగలే. సీట్లున్నయ్."

"ఉన్నయని నాకెరుకే. లెక్కపెట్టిన."

"భయమైందే. మల్ల ఆగిపోతదని పరేషాన్ అయిన. నా పానం ఆగలే, పర్వీన్. నీ మీద కోపముండి కాదు."

పర్వీన్ రొట్టె తుంచి మళ్లీ డబ్బాలోనే పెట్టింది. "కోపముండి చెప్తే మంచిగుండు. నువ్వు నాకు ఏ మాట చెప్పినవో ఎరుకనా? సీట్లు లేవు, ఫుల్లు. నేను రోజూ దారి మీద నిలబడ్డోళ్లకు, మొఖం సుత చూడకుంట చెప్పే మాట అది. గా మాట నాకు చెప్పినవ్. నేను నమ్మిన. కల్యాణ్‌కు ఫోన్ చేసి ఒక్క మాట అడుగుదామని నాకు తోచలే. రేణుక చెప్పినంక ఇంక అడిగేదేముంది అనుకున్న. ఆ రాత్రి మా నాయినతోని చెప్పిన, రేణుక మస్తు కోషిష్ చేసింది, దొరకలేదని. ఆయన సుత నీకు దువా చేసిండు."

రేణుక సీటు కమ్మీ పట్టుకుంది. అంతకంటే పెద్ద దెబ్బ ఇంకోటి ఉండదనుకుంది.

పర్వీన్ కిటికీలోంచి బయటికి చూస్తూ అడిగింది, "రైలు ఎట్లున్నదే?"

అడగలేక అడిగింది, ఆ సంగతి గొంతులోనే తెలిసిపోయింది. రేణుకకు అల్లి చెప్పడం రాక కాదు. కొండలున్నాయనీ, మబ్బులు కిటికీలోకి వచ్చాయనీ ద్వాలి చెప్పగా విన్నదే చెప్పొచ్చు. కానీ పర్వీన్‌కు ఇంకో అబద్ధం చెప్పే ధైర్యం ఆమెలో మిగల్లేదు.

"చూడలే."

"అంటే?"

"ఎక్కిన, కూసున్న, దిగిన. నువ్వు ఏమన్న పంపినవేమో అని ఫోన్ల చూసుకుంట కూసున్న. ఏం చూడలే పర్వీన్."

పర్వీన్ లేచి నిలబడింది. ఇంతసేపూ లేని కోపం అప్పుడొచ్చింది, కళ్లల్లో నీళ్లతో సహా వచ్చింది. "నా జాగల పోయి, అది సుత చూడకుంట వచ్చినవా? చూసి వచ్చినా మంచిగుండు గదనే! నువ్వన్న చూడకపోతివి!"

ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ఏడ్చారు. చాయ్ తాగి వచ్చిన డ్రైవర్ తలుపు దాకా వచ్చి, తనకెందుకొచ్చిన గొడవని మళ్లీ దిగిపోయాడు. రేణుక సంచీలోంచి బొమ్మను తీసి చాచింది. ఏం చెయ్యాలో తెలియక తీసింది. పర్వీన్ దాన్ని తిప్పి చూసింది, మెల్లకళ్లు, అద్దాలు, అగ్గిపెట్టె సంచీ. కుట్టు బాగుందన్నట్టు వేలితో అంచు నిమిరింది.

"ద్వాలి చెయ్యి మంచిది. గీ పేరు మాత్రం తీసెయ్యుండ్రి. నేనింక బతికే ఉన్న" అని తిరిగి ఇచ్చేసింది.

జనం మళ్లీ ఎక్కడం మొదలైంది. పర్వీన్ ముఖం తుడుచుకుని, టిఫిన్ డబ్బా మూసి, మిషన్ భుజాన వేసుకుంది. తినకుండానే మూసింది. రేణుక దిగలేదు. ముందు మూడు సీట్లు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు, నిలబడే ఉంది. పర్వీన్ వరసగా వస్తూ ఆమె దగ్గర ఆగింది.

"ఎక్కడికి?"

"జనగామ."

"ఆధార్ కార్డు."

రేణుక ఇచ్చింది. పర్వీన్ చూసి, టికెట్ కొట్టి, కార్డు వెనక్కి ఇస్తూ గొంతు తగ్గించింది.

"రేపటి సంది నీకు డ్యూటీ. పది దినాలకు మల్ల మనిద్దరికి ఒక్కరోజే సెలవు పడుతది. ఆ పొద్దు ఇంటికొస్తే రా, రాకుంటే లేదు. అన్నం పెడుత. ముందటి తీరుగ ఉంటనో ఉండనో మాత్రం నాకే ఎరుకలేదు."

"వస్త" అంది రేణుక.

"చూద్దాం" అంది పర్వీన్, వెనక సీటువాళ్ల దగ్గరికి వెళ్లిపోయింది.

ఇంకా పది రోజులు. అంతదాకా ఉరుకులాడినా, ఎన్ని దుప్పట్లు ఉతికినా అవి త్వరగా గడవవు. బస్సు కదిలింది. రేణుక మెల్లగా కిటికీ పక్కన కూర్చుంది.